కన్నమ్మకు పెనిమిటాయన పడదు

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో కన్నమ్మంత పనిమంతురాలు లేదని ఎవరైనా అంటే అది అబద్ధం. ఆమెకన్నా చురుగ్గా పిక్కలు కోసేవాళ్ళు ఆ షెడ్డులోనే పదిమంది ఉన్నారు. కాకపోతే ఆమె రాని రోజున ఆ పదిమందికీ చేతులు ఆడేవి కావు. సూపర్‌వైజరు పోలారావు దగ్గు, షావుకారు ఫోనులో కసురుకోవడం, బండి ఆలస్యమని స్టేషన్లో చెప్పే ఆడమనిషి గొంతు, ఇవన్నీ కన్నమ్మ గొంతులో కాపురం ఉండేవి. ఒకసారి బస్తాల చాటునుంచి అచ్చం పోలారావులా దగ్గి, "ఈయేల పన్నేదు, ఇళ్ళకి పోండర్రా" అంటే నలుగురు నిజంగానే చెప్పులు వేసుకుని గేటు దాటారు. వాళ్ళను వెనక్కి పట్టుకురావడానికి పోలారావుకు అరగంట పట్టింది.

ఆమె పుట్టిల్లు భావనపాడు. అత్తవారిది పలాసకు సముద్రం వైపు, కొబ్బరి జీడి తోటల ఉద్దానంలో ఒక ఊరు. రెండూ చేపల వేటకు పోయే ఇళ్ళే. అయితే మొగుడు హరిబాబుకు పడవ ఎక్కగానే కడుపులో తిప్పేది. వలకన్నా ముందు అతన్ని పడవలోంచి దింపాల్సి వస్తోందని విసిగిపోయి, తోటివాళ్ళే ఆటో కొనుక్కోమని చెప్పారు. కొనుక్కున్నాడు. ఇంట్లో మాత్రం రాజ్యం అతని తల్లి అప్పలమ్మది. హరిబాబు సముద్రానికి ఎంత భయపడేవాడో తల్లికి దానికి రెండింతలు భయపడేవాడు.

కన్నమ్మకు పన్నెండో ఏటినుంచి మూర్ఛ ఉంది. ఏడాదికి మూడుసార్లో నాలుగుసార్లో వచ్చేది. పడిపోగానే చుట్టూ ఉన్నవాళ్ళు ముందు ఆమె చేతిలో ఏదో ఒక ఇనుము పెట్టేవాళ్ళు. రెండు నిమిషాలకు మూర్ఛ దానంతట అదే దిగేది, పేరు ఇనుముకు వచ్చేది. అందుకని తెలివొచ్చేసరికి కన్నమ్మ గుప్పిట్లో ఎవరిదో ఒకరి తాళంచెవి ఉండేది.

"మా ఊళ్ళో నా సెయ్యి దాటని తాళంసెవి నేదే," అని నవ్వేది పక్కన కూర్చుని పిక్కలు కోసే ఉమతో. "దొంగతనం ఒక్కటే నేర్సుకోనేదు."

ఆ నేర్చుకోవడమూ ఒక మే నెలలో అయింది. కరెంటు దుబారా అవుతోందని పోలారావు ఫ్యాన్ల స్విచ్చులన్నీ తన గదిలో పెట్టించి, గదికి తాళం వేసి భోజనానికి పోవడం మొదలెట్టాడు. రేకుల షెడ్డు, నడినెత్తిన ఎండ, ముక్కుల్లో జీడి ఘాటు. నాలుగో రోజున అతను గదికి తాళం వేస్తుండగా కన్నమ్మ అతని కాళ్ళ దగ్గరే దబ్బున పడిపోయింది. పాపం, పోలారావు మంచివాడే. కంగారుగా తాళాల గుత్తి ఆమె గుప్పిట్లో కుక్కాడు. కన్నమ్మ గుప్పిట బిగించింది. బిగించిన గుప్పిట ఎంతకీ విప్పలేదు.

"మీరు భోజనానికి ఎల్లండి బాబూ, ఇది దిగడానికి సేనాసేపు పడతాది," అంది ఉమ విచారంగా.

అతను గేటు దాటాడో లేదో ఫ్యాన్లన్నీ తిరిగాయి. తిరిగొచ్చేసరికి కన్నమ్మ గాలికి హాయిగా గుర్రుపెడుతోంది. మూర్ఛపోయిన మనిషి గుర్రుపెట్టడం పోలారావు వినలేదట అంతకుముందు. అప్పటినుంచి కన్నమ్మకు ఏమొచ్చినా నాటకమనే అనేవాడు. ఆ మాట ఆమెకు తర్వాత బాగా ఖరీదు పడింది.

ఆ ఏడు వానాకాలంలో పలాస స్టేషన్ మెట్లమీద ఆమెకు అసలు మూర్ఛే వచ్చింది. ఆరు మెట్లు దొర్లి, ముందుపన్ను సగం విరిగింది. అంతవరకూ వేర్లూ తాయెత్తులూ తప్ప సరైన మందు వాడలేదు. హరిబాబు ఈసారి తల్లికి చెప్పకుండా కోటబొమ్మాళిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు అన్నీ అడిగి మాత్రలు రాశాడు. "ఒక్క పూట కూడా మానకూడదమ్మా. మానితే మళ్ళీ వస్తుంది," అన్నాడు. మాత్ర ఒంటికి పడకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. వీళ్ళు అడగలేదు. బయట ఇంకా నలభైమంది ఉన్నారు మరి.

కన్నమ్మ మాత్రలు శ్రద్ధగా వేసుకుంది. రెండు వారాలు బ్రహ్మాండంగా గడిచాయి. మూడో వారంలో జ్వరం తగిలింది. గొంతు మంట, కళ్ళు ఎర్రగా, ఇసుక పడ్డట్టు. రెండు రోజులకు మెడకింద ఎర్రటి దద్దుర్లు లేచాయి. జీడి ఫ్యాక్టరీలో దద్దుర్లంటే ఎవరికీ వింత కాదు. పిక్క తొక్కలోని రసం పడితే ఒళ్ళు పొక్కుతుంది. అక్కడ ప్రతి ఆడమనిషి చేతిమీదా దాని మచ్చ ఉంటుంది.

"జీడి పడ్డాదే. కొబ్బరినూనె రాసీ," అంది ఉమ.

కన్నమ్మ ఆమెను బస్తాల చాటుకు లాక్కెళ్ళి చీర కాస్త పక్కకు జరిపి చూపించింది. పొట్టంతా ఎర్రగా ఉంది.

"జీడి నా బొడ్డులోకి ఎలగెల్లిందే? నేనేటి పిక్కలు పొట్టతోటి కోత్తన్నానా?"

పోలారావు దూరంనుంచే చూశాడు. "ఏటి, ఈసారి కుంకం పూసుకున్నావా? శెలవు నేదు," అన్నాడు. కన్నమ్మ మామూలుగా అయితే దానికి పది జవాబులు చెప్పేది. ఆ రోజు ఒక్కటీ చెప్పలేకపోయింది. పెదవులు అంటుకుపోతున్నాయి. మధ్యాహ్నానికి తనే లేచి ఇంటికి వచ్చేసింది.

అప్పలమ్మ కోడల్ని గుమ్మంలోనే ఆపి, కళ్ళు చిట్లించి పైకీ కిందికీ చూసింది. తర్వాత రెండు చేతులూ జోడించింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో అత్త తనకు దణ్ణం పెట్టడం కన్నమ్మ చూడటం అదే మొదలు.

"అమ్మోరు! మా ఇంటికి అమ్మోరు ఒచ్చినాది!"

ఇక జరగాల్సినవన్నీ చకచకా జరిగాయి. గుమ్మానికి వేపమండలు. మూలగదిలో కొత్త చాప. ఇంట్లో పోపులు బంద్. అన్నిటికన్నా ముందు అప్పలమ్మ కోడలి మాత్రల అట్ట లాక్కుంది.

"తల్లి ఇంట్లో ఉండగా ఇంగిలీసు మందు ముట్టకూడదు."

"ఒక్క పూట మానకూడదని డాకటేరు సెప్పినాడు అత్తా!"

"డాకటేరు ఎక్కువా, అమ్మోరు ఎక్కువా?"

అట్ట వెళ్ళి బియ్యం డ్రమ్ములో పడింది.

మొదటి రోజు కన్నమ్మకు సరదాగానే ఉందనాలి. ఊళ్ళోవాళ్ళు వచ్చి గుమ్మం దగ్గర మోకరిల్లి వెళ్తున్నారు. పంపు దగ్గర తనతో బిందెలు విసురుకునే పొరుగావిడ కూడా వచ్చి, "తప్పులుంటే కాయమ్మా," అంది. కన్నమ్మ కళ్ళు మూసుకునే, "రేపట్నుంచి నీళ్ళకాడ వరస తప్పకు," అంది గంభీరంగా. ఆవిడ లెంపలు వేసుకుంది.

రెండో రోజునుంచి సరదా పోయింది. నోట్లో పుళ్ళు లేచాయి. చల్లటి మజ్జిగ కూడా మింగుడు పడలేదు. పెదవులు పగిలి రక్తం గడ్డకట్టింది. పొద్దున్నే కళ్ళు తెరుచుకోలేదు, తడిబట్టతో తుడిస్తే కానీ రెప్పలు విడలేదు. వీపుమీద దద్దుర్లు బొబ్బలయ్యాయి. హరిబాబు గడపలో నిలబడి చూసేవాడు, వెళ్ళేవాడు, మళ్ళీ వచ్చేవాడు.

"అమ్మా, ఆసుపత్రికి తీసుకెల్తానే," అన్నాడు మూడోరోజు.

"పదకొండో రోజు తలకి నీళ్ళు పోసినదాకా తల్లి గడప దాటకూడదు. దాటిస్తే ఊరు ఊరంతా పోద్ది. ఆ పాపం నువ్వు మోత్తావేటి?"

హరిబాబు మోయనన్నట్టు తల వంచుకున్నాడు.

మూలగదిలో చాపమీద ఇదంతా వింటూ పడుకున్న కన్నమ్మకు, జ్వరం ఎంత ఉన్నా బుర్ర మాత్రం పనిచేస్తోంది. చిన్నప్పుడు భావనపాడులో ఆటలమ్మ పోసినవాళ్ళను ఆమె చాలామందిని చూసింది. తనకూ పోసింది. ఒకసారి పోసినవాళ్ళకు మళ్ళీ పోయడం అరుదంటారు. పైగా ఇది ఆ తీరుగా లేదు. ఈ నెలరోజుల్లో తన ఒంట్లోకి కొత్తగా వెళ్ళింది ఏముంది? అదే చేప, అదే అన్నం, అదే జీడి ఘాటు. కొత్తది ఒక్క మాత్ర. మాత్రే అయితే, దాన్ని ఆపి మూడు రోజులైనా ఒళ్ళు ఇంకా ఉడుకుతూనే ఉంది. ఇక్కడే ఉంటే పదకొండో రోజు తనకు పోసేది తలస్నానం నీళ్ళు కాదు, ఆఖరి నీళ్ళే అని ఆమెకు అర్థమైపోయింది. ఆ ఇంట్లో అప్పలమ్మ మాట కాదనగలిగింది ఒక్కతే, అమ్మోరు.

నాలుగోరోజు పొద్దున్న అప్పలమ్మ పసుపునీళ్ళు చల్లుతుండగా కన్నమ్మ లేచి కూర్చుంది. జుట్టు విరబోసుకుని ఉంది, కళ్ళు నిప్పుకణికల్లా ఉన్నాయి. వేషం వేయాల్సిన పని లేకుండా జబ్బే వేసిపెట్టింది. నోరు తెరిస్తే ప్రాణం పోతున్నంత మంట. అయినా తెరిచింది.

"ఒసే అప్పలమ్మా!"

అప్పలమ్మ చేతిలో చెంబు జారింది. కోడలు అత్తను పేరు పెట్టి పిలవడమా? హరిబాబు పరిగెత్తుకొచ్చాడు.

"ఈ మూలగదిలో నన్ను ఉడకేత్తన్నావేటే? నాకు గాలి నేదు. నాను సిక్కోలు ఎల్తాను. పెద్దాసుపత్రి సూడాల. తెల్లకోటులోళ్ళు వరసగా నిలబడి నా సెయ్యి పట్టుకు సూడాల. ఆటో కట్టండి!"

హరిబాబు అప్పుడే సాష్టాంగపడ్డాడు. అప్పలమ్మ అంత తొందరగా పడే మనిషి కాదు. చెంబు తీసుకుని, నెమ్మదిగా అడిగింది.

"తల్లీ, అమ్మోరు ఆసుపత్రికి ఎల్లడం నానెక్కడా ఇన్నేదు. నువ్వు నిజంగా తల్లివైతే నా గుట్టు ఒకటి సెప్పు."

కన్నమ్మ ఒక్క క్షణం ఊగింది. అత్తకు చక్కెర జబ్బు. తీపి ముట్టనని ఊరంతటికీ చెబుతుంది. బియ్యం డ్రమ్ములో ఏముందో కోడలికి తెలుసు.

"బియ్యం డ్రమ్ములో, బియ్యం కింద, స్టీలు డబ్బాలో ఏటున్నాదే? జీడిపాకం! రోజుకి రెండచ్చులు! నాకు పెట్టకుండా తింటన్నావు!"

"అమ్మా?" అన్నాడు హరిబాబు నేలమీదనుంచి తలెత్తి.

అప్పలమ్మ దబ్బున కూలబడి లెంపలు వాయించుకుంది. "ఔను తల్లీ, తప్పయిపోనాది, కాయి తల్లీ!"

"ఆ డబ్బా పక్కన మాత్రల అట్టున్నాది. అదీ నాతో రావాల!" అని చెప్పి అమ్మోరు చాపమీద వాలిపోయింది. అందులో నటన ఏమీ లేదు. ఇంక కూర్చునే ఓపిక లేదు.

ఆటోకు పసుపు పూశారు, వేపమండలు కట్టారు. దీపం కొండెక్కకుండా చూడటానికి అప్పలమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. హైవే ఎక్కాక, మండలు చూసి లారీవాళ్ళు దారి ఇచ్చారు. టెక్కలి దగ్గర ఒక పోలీసాయన సిగ్నల్ ఇచ్చి మరీ ముందుకు పంపి, చేతులు జోడించాడు. హరిబాబు దారి పొడుగునా ఏడుస్తూనే నడిపాడు.

"తల్లీ, నీకేటి కావాలన్నా ఇత్తాను. నా కన్నమ్మని వదిలీ తల్లీ. అది నేకపోతే నాకు ఇల్లు ఇల్లు కాదు."

వెనక సీట్లో కన్నమ్మ ఈ మాట విని కాసేపు ఊరుకుంది. పెళ్ళయ్యాక అలాంటి మాట అతని నోట ఎప్పుడూ రాలేదు, మరికొంత వస్తుందేమోనని ఆశ. రాలేదు. అప్పుడు గొణిగింది.

"నానే మావా. కన్నమ్మనే. అమ్మోరూ నేదు, ఏటీ నేదు. బేగి నడుపు."

ఆటో ఒకసారి రోడ్డు అంచుదాకా వెళ్ళి మళ్ళీ దారిలోకొచ్చింది. హరిబాబు అద్దంలో ఆమెను మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. కోపమొచ్చిందో, సంతోషమో అతనికే తెలియలేదు.

"జీడిపాకం సంగతి నిజమేనా?" అన్నాడు చివరికి.

"నిజమే."

"ముసల్ది!" అని హరిబాబు ఆటో వేగం పెంచాడు.

సిక్కోలు, అంటే శ్రీకాకుళం, పెద్దాసుపత్రిలో బిందుమాధవి అనే చర్మం డాక్టరమ్మ ఆమెను చూసింది. నోరు తెరిపించింది, కళ్ళు చూసింది, వీపుమీద చర్మాన్ని వేలితో మెల్లగా నొక్కింది. నొక్కినచోట చర్మం జారింది. డాక్టరమ్మ చటుక్కున చేయి వెనక్కి తీసుకుంది. "కొత్తగా ఏమైనా మందు వాడారా?" అంది. హరిబాబు అట్ట చూపించాడు. చూడగానే ఆమె అర్థమైనట్టు తలూపింది.

"ఇది ఆపి ఎన్నాళ్ళయింది?"

"నాలుగో రోజండి."

"ఎవరు ఆపమన్నారు?"

హరిబాబు నసిగాడు. "మా అమ్మండి. అమ్మోరు పోసినాదని..."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "ఆపడం మంచిపని. నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకోవడం చాలా చెడ్డపని. ఇంకో రెండు రోజులైతే నేను కూడా ఏమీ చేయలేకపోయేదాన్ని."

హరిబాబు బయటికెళ్ళి తల్లికి ఫోన్ చేసి మొదటి వాక్యం మాత్రం చెప్పాడు. దాని ఫలితం తర్వాత అందరూ అనుభవించారు.

కన్నమ్మ ఆ వార్డులో ఇరవై ఆరు రోజులుంది. మొదటి వారం ఆమెకు పెద్దగా గుర్తులేదు. కాలినవాళ్ళను చూసుకున్నట్టే చూసుకున్నారు, గొట్టంతో పాలు పోశారు, గంటగంటకూ కళ్ళలో చుక్కలు వేశారు. మాత్ర ఆగిపోవడంతో ఐదోరోజు మూర్ఛ కూడా వచ్చింది. పక్కమంచం ఆవిడ తాళాలకోసం కొంగు తడుముకుంటుంటే, నర్సు ఆపి, కన్నమ్మను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, "ఇనుమూ వద్దు, ఏమీ వద్దు. ఇలా పక్కకి తిప్పితే చాలు," అంది. డాక్టర్లు వేరే రకం మాత్ర చిన్న మోతాదులో మొదలుపెట్టి, రోజూ ఒళ్ళంతా వెతికి చూశారు. అది పడింది.

రెండోవారంలో వీపుమీదా చేతులమీదా పాత చర్మం పొరలుగా ఊడటం మొదలైంది. చూడటానికి వచ్చిన ఉమ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏడవకే. బతుకంతా పప్పుకి పొట్టు తీసినాను. ఇప్పుడు నాకు తీత్తన్నారు," అంది కన్నమ్మ. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "గుడ్డుగా ఒత్తానో, బద్దనయిపోతానో సూడాల."

పప్పు విరగకుండా వస్తే గుడ్డు, విరిగితే బద్ద. ఉమ ఏడుస్తూనే నవ్వింది.

ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది. మూర్ఛ మాత్రలు చాలామందికి మంచే చేస్తాయి. ఎక్కడో ఒకరి ఒంటికి మాత్రం కొన్ని రకాలు పడవు. అలా పడకపోవడం ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే బయటపడుతుంది. జ్వరం, కళ్ళ ఎరుపు, నోట్లో పుళ్ళు, ఒంటిమీద దద్దుర్లు వస్తే ఆ రోజే ఆసుపత్రికి పరిగెత్తాలి. కన్నమ్మకు పడని మందుకు ఇద్దరు దగ్గరి చుట్టాలున్నారు. మూడూ ఆమె జన్మలో ముట్టకూడదు. "నీ తోడబుట్టినవాళ్ళకి కూడా ఇవి పడకపోవచ్చు. వాళ్ళకి ఎప్పుడైనా అవసరం వస్తే ముందే చెప్పాలి," అంటూ కార్డుమీద ఎర్ర సిరాతో మూడు పేర్లు రాసింది. కార్బమజెపిన్. ఫెనిటాయిన్. ఫినోబార్బిటోన్.

కన్నమ్మకు ఇంగ్లీషు రాదు. కార్డులు నీళ్ళలో తడుస్తాయని, బీరువాలో పోతాయని మాత్రం తెలుసు. పేర్లు నాలుగుసార్లు చెప్పించుకుంది. ఎవరి గొంతునైనా పట్టుకునే మనిషికి మూడు పేర్లు ఒక లెక్కా? సాయంత్రానికి వాటిని తన భాషలో కాపురం పెట్టించింది. కారం మజ్జిగ పిన్ను. పెనిమిటాయన. పిన్నిబావ టోను. డాక్టరమ్మ విని, ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంటి దగ్గర అప్పలమ్మ అప్పటికే ఊరంతా చాటేసింది. "మాత్ర ఆపింది నానే. సిక్కోలు డాకటేరమ్మే సెప్పినాది, మంచిపని సేసినావని." కన్నమ్మ ఆ మాటను ఖండించలేదు. సగం నిజమే కదా అని ఊరుకుంది. ఇంకో సగం చెప్పాలంటే పూనకం గుట్టూ చెప్పాలి. అదీగాక, అమ్మోరి కన్ను బియ్యం డ్రమ్ములోకి కూడా పోతుందని తెలిశాక అప్పలమ్మ జీడిపాకం మానేసింది, చక్కెర సగానికి దిగింది. అలాంటి నిజాన్ని బయటపెట్టి ఎవరిని బాగుచేయాలి?

ఫ్యాక్టరీలో పోలారావు ఆమెను జీడి ఘాటులేని, పప్పు రకాలు ఏరే గ్రేడింగు గదికి మార్చాడు. క్షమించమని మాత్రం అనలేదు. ఆమె కళ్ళలో చుక్కలు వేసుకునే వేళకు ఎవరూ పని చెప్పకుండా చూసేవాడు. కళ్ళు ఇప్పటికీ పొడిబారతాయి. చేతులమీద మచ్చలు సముద్రపు పటంలా ఉండిపోయాయి.

రెండేళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం భావనపాడునుంచి ఫోను వచ్చింది. ఆమె తమ్ముడు సునీల్ పడవలోంచి చేపల పెట్టెలు దింపుతూ జారి, తల పడవ అంచుకు కొట్టుకున్నాడట. స్పృహ వచ్చింది కానీ రెండుసార్లు ఫిట్సు వచ్చాయట, ఆసుపత్రిలో పెట్టారట. కన్నమ్మ ఆప్రాన్ విప్పకుండానే హరిబాబు ఆటో ఎక్కింది.

ఆమె వెళ్ళేసరికి కుర్ర డాక్టరు ఒకాయన కాగితంమీద ఏదో రాస్తున్నాడు. నర్సు సెలైను సీసా తగిలిస్తోంది. కన్నమ్మ తమ్ముడికీ సీసాకీ మధ్య నిలబడింది.

"బాబూ, మా తమ్ముడికి ఏటి ఎక్కిత్తన్నారు?"

"ఫిట్సు మళ్ళీ రాకుండా మందమ్మా. పక్కకి జరుగు."

"పెనిమిటాయనా?"

డాక్టరు తలెత్తాడు. "ఏమిటి?"

"పెనిమిటాయనైతే వొద్దు బాబూ. నాకు పెనిమిటాయన పడడు. పడక సావుదాకా ఎల్లినాను. మావోడికీ పడకపోవచ్చు."

వెనక నిలబడ్డ హరిబాబును డాక్టరు అనుమానంగా చూశాడు. "మీరేనా ఈవిడ భర్త?"

"నానే బాబూ. గానీ ఆ పెనిమిటిని నాను కాదు," అన్నాడు హరిబాబు చేతులు కట్టుకుని.

నర్సు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరుకు చిరాకొచ్చింది. "మీ ఇంటి గొడవలు బయట పెట్టుకోండి. ఇది ఎమర్జెన్సీ."

కన్నమ్మకు నవ్వు రాలేదు. కార్డు ఇంట్లో ఉంది. ఆప్రాన్ చేతులు పైకి లాగి, రెండు చేతులూ ఆయన ముందు చాపింది.

"గొడవ కాదు బాబూ. సూడండి. ఇది జీడి కాదు, అమ్మోరు కాదు. మూర్ఛ మాత్ర. మూడో వారంలో జొరం, నోట్లో పుళ్ళు, ఆనక ఒళ్ళంతా తోలు ఊడినాది. ఇరవయ్యారు రోజులు సిక్కోల్లో ఉన్నాను. తోడబుట్టినోళ్ళకీ ముందే సెప్పమన్నాది డాకటేరమ్మ. మూడు పేర్లున్నాయి. కారం మజ్జిగ పిన్ను, పెనిమిటాయన, పిన్నిబావ టోను. నాకు నోరు తిరగదు, మీకు తెలుత్తాది."

డాక్టరు ఆ మచ్చలు చూశాడు. పెదవులు కదిపి ఆ పేర్లు తనలో తాను అనుకున్నాడు. ముఖం మెల్లగా మారింది.

"ఫెనిటాయిన్?"

"అదే బాబూ! పెనిమిటాయనే!"

ఆయన నర్సును చేత్తో ఆపాడు. "సిస్టర్, అది తీసేయండి." కుర్చీ లాక్కుని కన్నమ్మను కూర్చోమని, ఏ నెల, ఎన్నో రోజు, ఏ మాత్ర అని అన్నీ అడిగి రాసుకున్నాడు. ఫోనులో ఎవరో పెద్ద డాక్టరుతో మాట్లాడాడు. పది నిమిషాల్లో వేరే రకం మందు ఎక్కింది. సునీల్‌కు మళ్ళీ ఫిట్సు రాలేదు.

అక్క తనను కాపాడిందని ఊరంతా అంటుంటే సునీల్‌కు మాత్రం నచ్చలేదు. ఆరు నెలలు పడవ ఎక్కొద్దని చెప్పడంతో ఒడ్డున వలలు బాగుచేస్తూ కూర్చునేవాడు. "ఆ మందు నాకు పడుండేదేమో. నీకెలగ తెలుసే?" అని అక్కతో దెబ్బలాడేవాడు.

"నాకు తెల్దు. పడుండొచ్చు," అనేది కన్నమ్మ. "సూద్దామా మరి? ఒక మాత్ర తెచ్చీమంటావా?"

సునీల్ వల తీసుకుని అవతలికి జరిగేవాడు.

ఈ సంగతి పాకాక ఊళ్ళో ఎవరికి కొత్త మందు రాసినా కన్నమ్మను వెంట తీసుకెళ్ళడం అలవాటైంది. ఆమె వెళ్ళి ఏమీ మాట్లాడదు. డాక్టరు కాగితం చించి ఇచ్చేటప్పుడు మాత్రం ఒకే ఒక్క మాట అడుగుతుంది.

మొన్న కార్తీకంలో పొరుగావిడ కూతురికి మాత్రలు రాయించడానికి కన్నమ్మా ఆ పిల్లా కోటబొమ్మాళి వెళ్ళారు. తనకు మొదట మాత్ర రాసిన ఆ డాక్టరు దగ్గరికే. బయట అదే నలభైమంది. ఆయన కన్నమ్మను గుర్తుపట్టాడు, ఆమె అడిగే మాట సంగతి ఆయనదాకా కూడా పాకింది. కాగితం రాశాడు, చించాడు, ఇవ్వబోయి ఆగాడు.

"అడుగమ్మా, అడుగు," అన్నాడు.

"ఈ మాత్ర పడకపోతే ముందు ఏటవుద్ది బాబూ?"

డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. పొరుగావిడ కూతురి వైపు తిరిగి, ఒక్కొక్కటీ వేళ్ళు మడిచి చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. తలుపు అవతల జనం గొణుగుతూనే ఉన్నారు. కన్నమ్మ గుమ్మం దగ్గరికెళ్ళి, అచ్చం ఆయన గొంతుతోనే, "కూర్చోండమ్మా, వస్తున్నా," అంది. అందరూ కూర్చున్నారు.